దానమ్మ పట్టిన తాడు

ఉప్పలపేటలో దానమ్మ నోటికి భయపడని మనిషి లేడు. భావనపాడు దాటి ఇసక దారిన కొంత దూరం వస్తే మా పేట. బడికి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు నాది. మా నాన్న టెక్కలి నుంచి వచ్చి పెట్టాడు, నేను నడుపుతున్నాను. వాళ్ళది చేపల వేట, మాది వ్యాపారం. అయినా ఇక్కడే పుట్టి పెరిగాను కనుక వాళ్ళ మంచీ చెడూ నాకు తెలియకుండా జరగవు. బడి గేటు, రామమందిరం అరుగు, సముద్రం వీధి మొదలు, మూడూ నా కొట్లో కూర్చుంటే కనిపిస్తాయి. అందుకే ఈ సంగతి నేను చెబుతున్నాను. చెప్పాలని సరదా ఏమీ లేదు, కడుపుమంట.

దానమ్మ చేపలమ్మే మనిషి. మొగుడు ధనరాజ్ గుజరాత్‌లో వేరావల్ రేవుకి బోటు పనికి పోయి ఏడాదికోసారి ముఖం చూపిస్తాడు. పొద్దున్నే ఒడ్డున వేలంలో చేప పాడుకోవడం, గంప ఆటోలో వేసుకుని టెక్కలి పోవడం, మధ్యాహ్నానికి ఖాళీ గంపతో తిరిగి రావడం, ఇదీ ఆమె బతుకు. బేరంలో ఆమెని గెలిచినవాణ్ణి నేను చూడలేదు. నాతో సబ్బు బిళ్ళకి బేరమాడినా సరే, చివరికి నేనే ఒక అగ్గిపెట్టె కొసరు వేసి దండం పెట్టి పంపించేవాణ్ణి.

పెద్దపిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళయిపోయాక, ఇక కాన్పులు లేవనుకున్నాక పుట్టింది అనిత. పసితనంలో ఫిట్లు వచ్చాయి. కుడికాలు ఈడుస్తుంది. మాట ముద్దగా వస్తుంది. ఇవాళ నేర్పింది రేపటికి ఉండదు. రోజూ పొద్దున్న దానమ్మ గంప ఒడ్డునే వదిలేసి, అనితని చంకనెత్తుకుని తెచ్చి బడిలో దింపి, మళ్ళీ ఒడ్డుకి పరిగెత్తేది. అంత పిల్లని చంకన మోస్తున్నావేమిటని ఎవరైనా నవ్వితే, వాళ్ళ ఏడు తరాలనీ తిట్టిపోసి గాని కదిలేది కాదు.

శైలజ టీచర్ హాజరు పిలిచేటప్పుడు అనిత గొంతు నా కొట్టు దాకా వినిపించేది. తన పేరు రాకముందే, పక్కవాళ్ళ పేరుకి కూడా, "ఉన్నాను టీచర్!" అని అరిచేది. పిల్లలు నవ్వేవారు. అనిత కూడా నవ్వేది. బడికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆ పిల్ల తప్పు లేకుండా నేర్చుకున్న పాఠం అదొక్కటే. దానమ్మకి అదే పదివేలు.

కిందటేడు బళ్ళు తెరిచేనాటికి కబురొచ్చింది. వచ్చే ఏటి నుంచి మా బడిలో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని పెద్దూరి బడిలో కలిపేస్తారట. పెద్దూరు పోవాలంటే ఉప్పుటేరు వంతెన దాటాలి, ఆపైన రాయి మోసే లారీల రోడ్డు దాటాలి. అనితది నాలుగో తరగతి. దానమ్మ ఆ రోజు గంప కూడా దించకుండా వచ్చి హెడ్మాస్టరు ఉపేంద్రని నిలేసింది.

"మా గుంట ఆ రోడ్డెలాగ దాటుతాది మేస్టారూ?"

"ఆటో పెట్టుకోవాలమ్మా."

"ఆటోలో కూకోబెట్టడానికి మనిసుండాల, దింపడానికి మనిసుండాల. నాను సేప అమ్ముకోవద్దేటి?"

ఉపేంద్ర మాస్టారు శ్రీకాకుళం నుంచి రోజూ బండి మీద వస్తాడు. రావడం ఆలస్యంగా, పోవడం తొందరగా. చెడ్డవాడు కాదు, బద్ధకస్తుడు. ఆయన చేతులు తిప్పేశాడు. "మన చేతుల్లో ఏముంది చెప్పు? పిల్లలు సగం మంది రారు. వచ్చినవాళ్ళకి చదవడం రాదు. ఏడాది చివర్లో ఆఫీసరు గారు చూడ్డానికి వస్తారు. అప్పటికి ప్రతి పిల్లా గడగడా చదివితే, మా బడి మాకుంచండి అని అడగడానికి మనకీ నోరుంటుంది."

మనిషిని వదిలించుకోవడానికి అన్న మాట అది. దానమ్మ దాన్నే పట్టుకుంది. ఆ నెలలోనే తల్లిదండ్రుల కమిటీకి చైర్మన్‌గా నిలబడింది. పోటీ ఎవరూ రాలేదు, ఎవరొస్తారు?

ఇక్కడ మా పేట వల సంగతి చెప్పాలి. అలివి వలని పడవ మీద తీసుకుపోయి సముద్రంలో చుట్టి వస్తారు. రెండు కొసల తాళ్ళూ ఒడ్డున ఉంటాయి. ఊరంతా ఆ తాళ్ళు పట్టి లాగితే వల ఒడ్డుకొస్తుంది. ఒక తాడు దానమ్మ వాళ్ళుండే సముద్రం వీధిది, రెండోది మందిరం వీధిది. తాతల నాటి నుంచీ అదే కట్టుబాటు. తాడు దగ్గరికి రావలసిన ఇంటి నుంచి మనిషి రాకపోతే కోత ఆ ఒక్క ఇంటికి పడదు, ఆ తాడుకంతటికీ పడుతుంది. ఆ వీధి వాటాలోంచి చేప తీసి అవతలి వీధికి పోస్తారు. అందుకే మా పేటలో పడుకున్న మొగుణ్ణి పెళ్ళాం లేపదు, పక్కింటివాళ్ళు లేపుకొస్తారు.

రామమందిరం అరుగు మీద కులపెద్ద నూకయ్య ముందు నిలబడి దానమ్మ అడిగింది. "గుంట ఇస్కూలుకి రాపోతే ఆ ఈది తాడుకి కోత ఎయ్యి మావా. అప్పుడు సూడు, ఒక్క గుంటయినా ఇంటికాడ ఉంటాదేమో."

నూకయ్య చుట్ట తీసి నవ్వాడు. "ఒసే, సేపకీ సదువుకీ ఏటే సమ్మందం?"

"నువ్వు కలిపితే కలుస్తాది. నీ మాటకి ఈ పేటలో ఎదురున్నాదేటి?"

పెద్దమనిషికి ఆ మాట తేనె రాసినట్టుంది. మర్నాడే ఊళ్ళో డప్పు వేయించాడు.

ఆ తర్వాత జరిగింది చూసి నేనే నమ్మలేకపోయాను. ఒడ్డున పీతలకి పోయే పిల్లల్ని తల్లి కాదు, పక్కింటావిడ జుట్టు పట్టుకుని బడికి ఈడ్చుకొచ్చేది. సాయంత్రం దీపాల వేళకి టీవీలన్నీ మూసేయాలని డప్పు మోగేది, మూసేసేవారు. కాలేజీకి పోయే పిల్లలు అరుగుల మీద కూర్చుని చిన్నవాళ్ళకి పాఠం చెప్పేవారు. అక్షరం ముక్క రాని తల్లులు వంతులవారీగా వచ్చి తరగతిలో వెనకాల కూర్చునేవారు, మధ్యాహ్నం భోజనానికి బియ్యం ఏరుతూ, ఒక కన్ను పిల్లల మీద, ఒక కన్ను టీచరు మీద. టీచర్లూ తాడు పట్టినవాళ్ళేనంది దానమ్మ. ఉపేంద్ర మాస్టారు ఆలస్యంగా వచ్చిన రోజున పేటలో ఆయనకి చేప అమ్మకూడదు. ఆయనకి చందువ చేపంటే ప్రాణం. కొన్నాళ్ళు ఉత్త సంచితో ఇంటికి పోయాక, గంట కొట్టేవేళకి ముందే నా కొట్టు ముందు బండి ఆపడం మొదలుపెట్టాడు. పక్క ఊళ్ళ కమిటీలవాళ్ళు వచ్చి చూసి పోయారు. పేపర్లో దానమ్మ ఫొటో కూడా పడింది, గంపతో సహా.

ఆ రోజుల్లో సముద్రం వీధికి అనితే గొప్ప. ఒక్క రోజు బడి మానని పిల్ల ఆ వీధిలో ఇంకెవరున్నారు? పక్కింట్లో ఉండే గంగులు, ధనరాజ్ తమ్ముడు, "మా అనితమ్మని సూసి సిగ్గు తెచ్చుకోండ్రా" అని తన పిల్లల్ని తిట్టేవాడు. అనితకి అర్థమైందో లేదో గాని, ఆ మాట విన్నప్పుడల్లా చప్పట్లు కొట్టేది.

దసరా వెళ్ళాక దానమ్మ ఇంకో మెట్టెక్కింది. వస్తే చాలదు, చదవాలి. శనివారం సాయంత్రం మందిరం అరుగు మీద పిల్లలు ఒక్కొక్కరూ పుస్తకంలో పేజీ చదవాలి. చదవలేకపోతే ఆ వీధి తాడుకి కోత. ముందు అయిదో తరగతి, ఆ తర్వాత నాలుగు, మూడు.

శైలజ టీచర్ ఉండబట్టలేక అడిగింది. "పిల్లలందరూ ఒకేలా నేర్చుకోరమ్మా. మీ అనిత సంగతేమిటి?"

"నా గుంట సంగతి నాను సూసుకుంటాను టీచరమ్మా. దాని వంతొచ్చేతలికి సదివించేస్తాను."

గుర్తు లేక కాదు, మొండిధైర్యం. ఇంతమందిని దారికి తెచ్చినదాన్ని, నా కడుపున పుట్టినదాన్ని తేలేనా అనుకుంది. ఆ పొగరుకి ఆమెని నేను ఇప్పటికీ క్షమించలేదు.

మొదటి దెబ్బ గోపికి తగిలింది. వాడు జగ్గమ్మ మనవడు, సముద్రం వీధివాడే, తల్లీ తండ్రీ లేరు. నత్తి. పుస్తకం పట్టుకుని మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. మెడ నరాలు పొంగాయి గాని మాట రాలేదు. జగ్గమ్మ లేచి నిలబడింది.

"ఆడికి రాదనా? నత్తి కదే దానమ్మా. నీకు తెలీదేటి?"

"నత్తని ఆఫీసరుకి తెలుస్తాదేటి? ఈ రోజు నీకు ఒగ్గేస్తే రేపు ఇంకొకలికి ఒగ్గాల. కోత ఎయ్యండి."

తన వీధికే కోత వేయించుకుందని ఊరంతా దానమ్మని మెచ్చుకుంది. గోపిని మాత్రం వీధిలో దారినపోయే ప్రతివాడూ ఒక మొట్టికాయ వేసి "సదూరా" అనేవాడు. మాట తడబడితే మళ్ళీ ఒకటి. కొన్ని శనివారాలు గడిచేసరికి వాడు పాఠాలన్నీ బట్టీ పట్టేసి, కళ్ళు మూసుకుని ఒక్క ఊపున అప్పజెప్పేశాడు. జనం చప్పట్లు కొట్టారు. అప్పజెబుతున్నంతసేపూ వాడి నిక్కరు తడుస్తూనే ఉంది, అది ఎవరూ చూడనట్టు నటించారు. దానమ్మ నా కొట్లో బిస్కెట్ ప్యాకెట్ కొని వాడికిచ్చింది. జగ్గమ్మ దాన్ని వాడి చేతిలోంచి లాక్కుని మేకకి పెట్టింది.

ఇక అనిత వంతు. దానమ్మ మధ్యాహ్నం టెక్కలి నుంచి రాగానే పిల్లని ముందు కూర్చోబెట్టుకునేది. చేతిలో తాటాకు విసనకర్ర, తిరగేసి. వాళ్ళ ఇల్లు వీధి మొదట్లోనే, నాకు వినబడేది.

"అ. అను. అనవే!"

"ఉన్నాను టీచర్."

విసనకర్ర కాడ అరచేతి మీద పడేది.

"అ అనవే, ముదనష్టపుదానా!"

"ఉన్నాను టీచర్! ఉన్నాను టీచర్!"

అమ్మకి కోపం తెప్పించింది తనేనని, ఆ కోపం పోవాలంటే తనకి వచ్చిన మంచిమాట ఇంకా గట్టిగా చెప్పాలని ఆ పిల్ల అనుకునేది. నేను కొట్లో రేడియో పెట్టుకునేవాణ్ణి.

వీధివాళ్ళు కూడా సాయం వచ్చారు. ఊరంతా కలిసి ఒక పిల్లకి చదువు చెప్పడమంటే ఏమిటో నేను కళ్ళారా చూశాను. గంగులు పెళ్ళాం చెవి మెలేసేది, పొరుగు పిల్లలు గిల్లేవారు, నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు బిందె దించి మరీ "అ అను" అని గడ్డం పట్టుకుని ఊపేవారు. అందరికీ తొందరే. శైలజ టీచర్ ఒక్కతే అనితని ఒడ్డుకి తీసుకుపోయి, తడి ఇసకలో వేలు పట్టి అక్షరం దిద్దించేది. అల వచ్చి చెరిపేస్తే అనిత కిలకిలా నవ్వేది. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చేది, టీచరు ముఖం చూస్తే పోయేది.

ఆ శనివారం రానే వచ్చింది. అనితకి కొత్త గౌను వేసి, తలకి నూనె రాసి అరుగెక్కించింది తల్లి. పుస్తకం చేతికిచ్చారు. తలకిందులుగా పట్టుకుంది. రెండు వీధుల జనం తననే చూస్తున్నారని సంబరపడిపోయి, గొంతెత్తి, "ఉన్నాను టీచర్!" అంది.

మందిరం వీధి పగలబడి నవ్వింది. సముద్రం వీధిలో ఒక్కరు నవ్వలేదు. కోత పడింది. వచ్చే శనివారం మళ్ళీ పడింది. ఆపై వారమూ అంతే. అసలే చలికాలం, వల ఖాళీగా వచ్చే రోజులు, వచ్చిన కాస్త కవళ్ళ చేపలూ కళ్ళముందే అవతలి వీధి గంపల్లోకి పోతుంటే ఎవరికి మండదు? నిన్నటి దాకా అనితమ్మ అన్న నోళ్ళు "ఆ కుంటిగుంట" అనడం మొదలుపెట్టాయి. దానమ్మ వాకిట్లో ఎవరో చేప పేగులు పోసిపోయారు.

అన్నింటికంటే కఠినమైన శిక్ష నేను ఒడ్డున చూశాను. చేప నిండిన గంప నెత్తికెత్తుకోవడం ఒక్క మనిషి వల్ల కాదు. పక్కనున్న మనిషి ఒక చెయ్యి వేయాలి. పగవాళ్ళయినా సరే వేస్తారు. ఆ రోజు దానమ్మ గంప పక్కన నిలబడి చుట్టూ చూసింది. ఆడవాళ్ళందరూ తల తిప్పుకుని ఒకరి గంపలు ఒకరు ఎత్తుకుని వెళ్ళిపోయారు. ఆమె గంపని ఇసకలో ఆటో దాకా ఈడ్చుకుపోయింది. సగం చేప ఇసక పాలైంది.

ఆ సాయంత్రం దానమ్మ అరుగు దగ్గరికొచ్చింది. నూకయ్య, ఉపేంద్ర మాస్టారు, శైలజ టీచర్, వీధి జనం అందరూ ఉన్నారు. ఆ నోరు బతిమాలడం నేను వినడం అదే మొదలు.

"మావా, నా గుంటకి బుర్ర లేదు. దేవుడియ్యలేదు. దాన్నొక్కదాన్నీ ఒగ్గేయ్. నీ కాళ్ళట్టుకుంటాను."

నూకయ్య ఏమీ అనకముందే జగ్గమ్మ అందుకుంది. "బుర్ర లేదని ఆఫీసరుకి తెలుస్తాదేటే దానమ్మా? ఈ రోజు నీకు ఒగ్గేస్తే రేపు ఇంకొకలికి ఒగ్గాల."

జనం తలలూపారు.

ఉపేంద్ర మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఇలాంటప్పుడు ఆయన గొంతు ఎంత మెత్తగా ఉంటుందో! "ఒక దారుందమ్మా. పిల్లకి టీసీ తీసేసుకో. బడిలో పేరు లేకపోతే వీధికి కోత ఉండదు. ఆఫీసరు గారొచ్చిన రోజున మనది నూటికి నూరు. బడి నిలబడ్డాక మళ్ళీ చేర్చుకుందాం. ఎంతలో పని?"

"అవసరం లేదు సార్," అంది శైలజ టీచర్. "ఇలాంటి పిల్లలకి మనం అడిగే ఈ చదువు ఆఫీసరు కూడా అడగరు. అనిత ఉన్నా మన బడికి తక్కువేమీ రాదు."

"మీరు ఉద్యోగానికి కొత్తమ్మా. వచ్చేవాడు ఎలాంటివాడో మీకేం తెలుసు?"

"టీచరమ్మా, ఇది మా ఊరి మాట," అని నూకయ్య తేల్చేశాడు. ఆఫీసరు ముందు అనిత పేరు ఎవరూ ఎత్తకూడదు. ఎత్తిన ఇంటికి తాడు లేదు, వాటా లేదు. ఒప్పుకున్నట్టు దానమ్మ వల తాడు ముట్టి చెప్పాలి. మా పేటలో తాడు ముట్టి చెప్పిన మాట దేవుడి ముందు చెప్పినట్టే.

దానమ్మ ఒప్పుకుంది. ఆమె ఎందుకొప్పుకుందో నాకు తెలుసు. బడి పోతే అనితకి చదువు ఎప్పటికీ లేదు. బడి నిలబడితే మళ్ళీ చంకనెత్తుకుని తెచ్చి దింపొచ్చు. కూతురి కోసమే మొదలుపెట్టిన పనికి కూతురే అడ్డమైంది. అరుగు మీదికి తెచ్చిన తాడుని వంగి ముట్టింది. మర్నాడు కాగితం మీద వేలిముద్ర వేసింది.

అనితని ఒడ్డున ఎండుచేపల పాకలో కూర్చోబెట్టి బజారుకి పోయేది. మొదటి రోజు బడి గంట వినబడగానే ఆ పిల్ల కాలీడ్చుకుంటూ గేటు దాకా వచ్చేసింది. వీధి పిల్లలే ఎత్తుకుపోయి పాకలో పడేశారు. రెండో రోజు నుంచి దానమ్మ పాక తలుపుకి బయట గడియ పెట్టింది.

ఆఫీసరు గారు వచ్చిన రోజున బడి ముందు షామియానా వేశారు. మా పేట పిల్లలు చదివారండీ, అబద్ధం చెప్పకూడదు, అద్భుతంగా చదివారు. తెలుగు చదివారు, లెక్కలు చేశారు, గోపి కళ్ళు మూసుకుని పద్యం చెప్పాడు. ఆఫీసరు నడివయసు మనిషి, ముఖంలో మంచితనం ఉంది. ఆయన పిల్లల భుజాలు తట్టాడు. తల్లులు వంతులేసుకుని తరగతిలో కూర్చునే సంగతి విని, చేతులు జోడించాడు. దానమ్మకి శాలువా కప్పి, "మీలాంటి తల్లి ఊరికొక్కరుంటే చాలమ్మా" అన్నాడు. దానమ్మ ముఖంలోకి ఎన్నో రోజులకి రంగొచ్చింది.

"ఒక్కటి చెప్పండి," అన్నాడు కూర్చోబోతూ. "ఈ తరగతుల్లో పెద్దూరి దాకా పోలేని పిల్లలెవరైనా ఉన్నారా? కాలు బాగాలేనివాళ్ళు, అలాంటివాళ్ళు?"

అంతా గతుక్కుమన్నారు. దాచిన పిల్ల సంగతి ఎవరో చెప్పేశారనుకున్నారు. నూకయ్య దగ్గాడు. గంగులు వదిన వైపు కళ్ళురిమాడు. శైలజ టీచర్ నోరు తెరవబోయింది. ఈలోగా దానమ్మే అంది, బేరంలో అనే గొంతుతో, గట్టిగా.

"ఎవులూ లేరు బావూ. అందరూ పరిగెట్టే గుంటలే."

"అయితే ఏ ఇబ్బందీ లేదు," అన్నాడు ఆఫీసరు, నిజంగానే సంతోషపడుతూ. "ఇంత బాగా చదివే పిల్లలు ఈ రెండు గదుల్లో ఎందుకమ్మా? పెద్దూళ్ళో తరగతికో టీచరున్నారు. పోలేని పిల్ల ఒక్కతి ఉన్నా ఈ తరగతులు ఇక్కడే ఉంచమని రాద్దామనుకున్నాను. ఆ బాధ తప్పింది."

దానమ్మ భుజం మీంచి శాలువా జారిపోయింది.

"ఉన్నాది బావూ! నా గుంట ఉన్నాది! దానికి కాలు లేదు!"

ఆఫీసరు నవ్వాడు, చిన్నపిల్లతో నవ్వినట్టు. "ఇప్పుడే లేరన్నారు కదమ్మా."

"మా వదినకి బడంటే పిచ్చి బావూ," అన్నాడు గంగులు. "బడి ఎల్లిపోతాదని అలాగంతన్నాది."

"ఉంది సార్," అంది శైలజ టీచర్. "మొన్నటి దాకా నా తరగతిలోనే ఉంది."

ఉపేంద్ర మాస్టారు చెమట తుడుచుకున్నాడు. "టీసీ ఇచ్చేశాం సార్. ఇప్పుడు మా బడి పిల్ల కాదు."

"బడిలో లేని పిల్ల పేరు నేనెలా రాస్తానమ్మా?" అని ఆఫీసరు లేచాడు. ఆయన తప్పు ఏముంది? అందరూ కలిసి నూటికి నూరు అని ఆయన ముందు పెట్టారు, ఆయన నమ్మాడు.

దానమ్మ ఒడ్డుకి పరిగెత్తింది. అంత లావు మనిషి అంత వేగంగా పరిగెత్తగలదని నాకు తెలీదు. జీపు కదిలేవేళకి అనితని చంకనేసుకుని, ఎండుచేపల పొట్టు అంటిన గౌనుతో, గేటు ముందుకి తెచ్చి నిలబెట్టింది. పిల్లలందరూ వీడ్కోలు చెప్పడానికి వరసగా నిలబడి ఉన్నారు. శైలజ టీచర్ ముందు నిలబడి ఉంది. అనిత ఆ వరసని చూసింది, టీచర్ని చూసింది. హాజరు పిలుస్తున్నారనుకుంది.

"ఉన్నాను టీచర్!"

ఆఫీసరు జీపులోంచి తల బయటికి పెట్టాడు. "భలే పలికిందే! ఎవరమ్మాయి?"

రెండు వీధుల జనం అక్కడే ఉన్నారు. గంగులున్నాడు, జగ్గమ్మ ఉంది, నేనూ ఉన్నాను. దానమ్మ నోరు తెరిచింది గాని, రొప్పుతూ మాట పెగల్లేదు. శైలజ టీచర్ చెప్పబోయి ఏడ్చేసింది. మిగతావాళ్ళు తాడు సంగతి, నేను నా కొట్టు సంగతి తలచుకుని నేల చూశాం. జీపు వెళ్ళిపోయింది.

ఈ ఏడు మూడు తరగతులూ పెద్దూరికి పోయాయి, శైలజ టీచరూ వాటితో పోయింది. మా పిల్లలు అక్కడ కూడా బాగా చదువుతున్నారని వింటున్నాం. ఊరి మాట తప్పి ఆఫీసరు ముందు కూతురి సంగతి ఎత్తినందుకు దానమ్మ ఇంటికి తాడు లేదు, వాటా లేదు. చైర్మన్ పని గంగులుకిచ్చారు. శనివారం చదువులు మిగిలిన చిన్న తరగతులకి ఇప్పటికీ జరుగుతున్నాయి.

సరుకులకి టెక్కలి పోయే రోజుల్లో నేను ఆ ఆటోలోనే పోతాను. దానమ్మ కాళ్ళ దగ్గర చేపల గంప, గంప పక్కన అనిత. బజార్లో కూడా పక్కనే కూర్చోబెట్టుకుంటుందట, పాకలో గడియ పెట్టడం మానేసింది. మొన్న లారీలు అడ్డమొచ్చి ఆటో పెద్దూరి బడి ముందు ఆగింది. లోపల హాజరు పిలుస్తున్నారు. గొంతు శైలజ టీచరుది. అనిత గబుక్కున చెయ్యెత్తి, ఆటో అదిరిపోయేలా, "ఉన్నాను టీచర్!" అంది.

ఆటోలో ఉన్నవాళ్ళందరూ పడీపడీ నవ్వారు. దానమ్మ ఎవరినీ తిట్టలేదు.